తల వాల్చిన ప్రతి మొక్కా నీళ్లడగదు

కుండీలో మొక్క తల వాల్చిందంటే ఇంట్లో ఎవరి చేయైనా ముందు చెంబు మీదికే పోతుంది. పొద్దున ఒక చెంబు. సాయంత్రానికి ఆకులు లేవలేదు కాబట్టి ఇంకో చెంబు. మర్నాడు కింది ఆకులు పసుపెక్కుతాయి. ఎండ ఎక్కువైందేమోనని గదిలో మూలకి జరుపుతారు, బలం తగ్గిందేమోనని గుప్పెడు ఎరువు వేస్తారు. వారం పది రోజుల్లో కాండం మొదలు మెత్తబడి మొక్క పక్కకి ఒరిగిపోతుంది. ‘మా చేతి చలవ మంచిది కాదు, మాకు మొక్కలు బతకవు’ అన్న తీర్పు ఆ వెంటే వస్తుంది. చేతి చలవ సంగతి ఏమోగానీ, చేతిలో ఉన్న చెంబుకి మాత్రం ఇందులో పెద్ద వాటాయే ఉంది.

ఇళ్లలో మొక్కలు దాహంతో చచ్చేవాటి కంటే నీళ్లలో మునిగి చచ్చేవే ఎక్కువని ఏ నర్సరీవాళ్లని అడిగినా చెబుతారు. వింత ఏమిటంటే రెండు రకాల చావుకీ పైకి కనిపించే లక్షణం ఒకటే. ఆకు వేలాడుతుంది. సైకిల్ ట్యూబుని గాలి బిగించినట్టు ఆకుని నీళ్లు బిగించి నిలబెడతాయి. ఆకు అడుగున ఉండే సన్నని రంధ్రాల నుంచి ఆ నీళ్లు పగలంతా ఆవిరై పోతూనే ఉంటాయి. వేరు పీల్చిన నీళ్లలో నూటికి తొంభై అయిదు వంతులకు పైగా ఇలా గాల్లో కలిసేవే. పోయినంతా వేరు పంపుతుంటే ఆకు నిలుస్తుంది, పంపలేకపోతే వాలుతుంది. అంటే వాలిన ఆకు చెప్పేది ‘పైకి నీళ్లు అందడం లేదు’ అని మాత్రమే. కుండీలో నీళ్లున్నాయో లేవో అది చెప్పదు. మట్టి ఎండిపోయినా నీళ్లు అందవు. నీళ్లు పంపాల్సిన వేరు కుళ్లిపోయినా అందవు.

వేరు ఎందుకు కుళ్లుతుంది? వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి. ఆకైతే వెలుతుర్లో తన ఆక్సిజన్ తానే తయారు చేసుకుంటుంది. చీకట్లో, మట్టిలో ఉన్న వేరుకి ఆ వీలు లేదు. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే ఆక్సిజన్ నీళ్లను దాటుకుంటూ రావాలి, గాలిలో కదిలే దానికంటే నీళ్లలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు మొదట చేసే పని, నీళ్లు లోపలికి రానిచ్చే దారుల్ని మూసుకోవడం. కుండీ నిండా నీళ్లున్నా మొక్క వాడిపోయేది ఇందుకే. ఇంకొన్ని రోజులు ఇలాగే సాగితే కొసల నుంచి వేరు చచ్చుబడుతుంది. అప్పుడు పిథియం, ఫైటోఫ్తోరా లాంటి తెగుళ్లు దిగుతాయి. ఇవి నీళ్లలో ఈదుకుంటూ వెళ్లే బీజాలున్న జాతి. అల్లం, పసుపు చేలల్లో దుంపకుళ్లు తెచ్చేది ఎక్కువగా పిథియం. తమలపాకు తోటల్ని పాడుచేసే కుళ్లు ఫైటోఫ్తోరాది. పొలంలో నీళ్లు నిలిస్తే ఏం జరుగుతుందో రైతుకి తెలుసు. పది అంగుళాల కుండీలో కూడా జరిగేది అదే, కాకపోతే పైనుంచి చూస్తే నిలిచిన నీళ్లు కనిపించవు.

మన వాతావరణంలో ఈ కథ ఇంకా వేగంగా నడుస్తుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 35 డిగ్రీల దగ్గర అది 7కి పడిపోతుంది. అదే వేడికి వేరు ఊపిరి వేగం మాత్రం పెరుగుతుంది. సరఫరా తగ్గి, అవసరం పెరుగుతుందన్నమాట. చల్లటి దేశాల వాళ్లు చేసే వీడియోల్లో రెండు వారాలు పట్టే వేరుకుళ్లు విజయవాడ బాల్కనీలో నాలుగైదు రోజుల్లోనే ముదిరిపోవచ్చు. వారానికి ఇన్నిసార్లు నీళ్లు పోయాలన్న లెక్కలు ఊరు మారితే పనికిరానిది కూడా అందుకే.

కాబట్టి వాడిన మొక్క ఎదురుగా నిలబడినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అది దాహమా, మునకా అన్నది. కుండీని రెండు చేతులా ఎత్తి చూడటం అన్నిటికంటే సులువైన పరీక్ష. నీళ్లు పోసిన రోజు బరువు ఒకసారి చేతికి గుర్తుంటే, ఎండిన కుండీ ఎంత తేలికో వెంటనే తెలిసిపోతుంది. వెలిగించి వదిలేసిన అగరబత్తి పుల్లనో, చెక్క స్పూను కాడనో అంచు పక్కగా అడుగుదాకా గుచ్చి తీస్తే, లోపల తడి ఉంటే మట్టి అంటుకుని వస్తుంది. పై పొర చూసి మోసపోకూడదు, పైన పొడిగా ఉండి అడుగున బురదగా ఉండే కుండీలు కొల్లలు. సమయం కూడా కొంత చెబుతుంది. మధ్యాహ్నం వాలిపోయి, పొద్దుగూకాక తేరుకుని, తెల్లవారేసరికి నిటారుగా ఉంటే అది ఎండ వల్ల వచ్చిన అలసట. తెల్లవారుజామున కూడా వాలే ఉంది, కుండీ బరువుగా ఉంది అంటే అనుమానం వేరు మీదికి వెళ్లాలి. మట్టి వాసన చూడటానికి మొహమాటం అక్కర్లేదు. వాన పడ్డ నేల వాసన వస్తే మంచిది, మురుగు వాసన వస్తే లోపల గాలి లేదు. కుండీ చుట్టూ చిన్న చిన్న నల్లటి ఈగలు లేస్తుంటే అదీ ఒక ఆనవాలే. తడి ఆరని పై మట్టిలోనే అవి గుడ్లు పెడతాయి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే కుండీలోంచి తీసి చూడాల్సిందే. చాలామంది దీనికి భయపడతారు, కదిపితే చస్తుందేమోనని. కుండీని పక్కకి వంచి, అంచు మీద తట్టి, మట్టి ముద్దతో సహా జార్చితే ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఏమీ కాదు. జబ్బుపడ్డదానికి అయితే ఇది ఎక్స్‌రే లాంటిది. మంచి వేరు తెల్లగానో, లేత గోధుమ రంగులోనో ఉండి గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి ఉంటుంది. వేళ్లతో లాగితే పై తొక్క తొడుగులా ఊడి వచ్చేసి, లోపల దారం లాంటి పోగు మిగులుతుంది. ఈ ఒక్క గుర్తు చాలు.

ఇక్కడ కుండీ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ నమ్మే ఒక సలహా ఇందులో తప్పు. అడుగున రెండు అంగుళాల గులకరాళ్లో, పెంకులో వేస్తే నీళ్లు బాగా దిగిపోతాయని తరతరాలుగా చెబుతున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సన్నని మట్టిలో ఉన్న నీళ్లు కింద ఉన్న పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగవు. మట్టి అడుగు పొర పూర్తిగా నానిపోయి ఇక పట్టలేని స్థితి వచ్చేదాకా అవి అక్కడే వేలాడతాయి. ప్రతి కుండీలోనూ ఇలా ఆరకుండా ఉండిపోయే తడి పట్టీ ఒకటి ఉంటుంది. దాని మందం మట్టి ఎంత సన్నగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది తప్ప కుండీ ఎత్తుని బట్టి కాదు. రాళ్లు వేస్తే ఆ పట్టీ పోదు, రాళ్ల ఎత్తు మేరకి పైకి జరిగి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. గిన్నెలు తోమే స్పాంజితో దీన్ని వంటింట్లోనే చూడొచ్చు. స్పాంజిని బాగా తడిపి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకుంటే కాసేపటికి చుక్కలు ఆగిపోతాయి. అదే స్పాంజిని అలాగే నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, మారింది ఎత్తొక్కటే. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే అందమైన పింగాణీ గిన్నెల్లో మొక్కలు ఎందుకు తొందరగా కుళ్లుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. మంచి కుండీకి కావాల్సింది అడుగున రంధ్రం, లోపల గరుకైన మట్టి. రంధ్రంలోంచి మట్టి జారిపోతుందనుకుంటే ఒక జాలీ ముక్క చాలు.

రంధ్రమే లేని కుండీల సంగతి చెప్పక్కర్లేదు. గృహప్రవేశాలకి బహుమతిగా వచ్చే తెల్లటి గ్లేజు కుండీల్లో చాలావాటికి అడుగున రంధ్రం ఉండదు. వాటిని పై తొడుగుగా వాడుకుని, మొక్కని నర్సరీ కుండీతోనే అందులో పెట్టుకోవచ్చు. నీళ్లు పోసిన అరగంటకి లోపల నిలిచినదాన్ని పారబోయాలి. కింద పెట్టే ప్లేటుకీ అదే నియమం. ప్లేటులో నీళ్లు నిలిస్తే వేళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకీ ముప్పే. డెంగీ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా ఇలాంటి చోటే.

నర్సరీ నుంచి వచ్చిన మట్టి ముద్దది ఇంకో చిక్కు. తెలుగు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే ఇంటి మొక్కల్లో పెద్ద భాగం రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీల నుంచి వస్తాయి. గోదావరి గాలి తేమలో, ఆకుపచ్చ వలల నీడలో పెరిగిన మొక్కలవి. లారీల్లో ప్రయాణం తట్టుకునేలా వాటి వేళ్ల చుట్టూ చాలాసార్లు బంకమట్టి ముద్ద ఉంటుంది. అక్కడి ఎండకి, అక్కడి తడిపే పద్ధతికి అది సరిపోతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదికి వచ్చాక అదే ముద్ద ఒకసారి తడిస్తే వారాల తరబడి ఆరదు, ఒకసారి ఎండితే ఇటుకలా బిగుసుకుంటుంది. దాని చుట్టూ తేలికైన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మట్టి నింపితే ఇంకా తికమక. చుట్టూ మట్టి పొడిబారి కనిపిస్తుంది, నడిమి ముద్ద తడిగానే ఉంటుంది. కొత్త మొక్క తెచ్చాక రెండు మూడు వారాలు చోటుకి అలవాటు పడనిచ్చి, కుండీ మార్చేటప్పుడు ఆ ముద్దలో బయటి మూడో వంతు మట్టిని చేత్తో మెల్లగా రాల్చి నాటడం మంచిది. ఈలోగా నాలుగు ఆకులు రాలితే కంగారు పడనక్కర్లేదు. అది పుట్టింటి గాలి వదిలి వచ్చిన బెంగ, జబ్బు కాదు.

వేరుకుళ్లు అని తేలాక చేయాల్సిన పని కొంచెం కటువుగా ఉంటుంది. మట్టంతా కడిగేసి, మెత్తబడిన ప్రతి వేరునీ గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించాలి. కత్తెరని స్పిరిట్‌తోనో, శానిటైజర్‌తోనో తుడుచుకుంటూ ఉండాలి, లేకపోతే కుళ్లుని ఒక వేరు నుంచి ఇంకో వేరుకి మనమే అంటిస్తాం. పాత మట్టి మళ్లీ వాడకూడదు. సగం వేళ్లు పోతే పైన ఆకుల్లో కూడా మూడో వంతో, సగమో తీసేయాలి. చూడటానికి ప్రాణం ఉసూరుమంటుంది గానీ, మిగిలిన నాలుగు వేళ్లు అన్ని ఆకుల దాహం తీర్చలేవు. తర్వాత అందరూ చేసే తప్పు, ఇబ్బంది పడుతున్న మొక్కకి విశాలంగా ఉండాలని పెద్ద కుండీలో నాటడం. వేరు చేరని మట్టిలో నీళ్లు తాగేవాళ్లు ఎవరూ ఉండరు, అవి అలాగే నిలిచిపోతాయి. మిగిలిన వేళ్లు పట్టేంత చిన్న కుండీయే దానికి ఆస్పత్రి మంచం.

మట్టి మిశ్రమానికి రకరకాల కొలతలు చెబుతారు. వాటి సారం ఏమిటంటే చేత్తో ముద్దగా నొక్కి, వేలితో తడితే విడిపోవాలి. ఎర్రమట్టి, కోకోపీట్, గరుకు ఇసుక సమపాళ్లలో తీసుకుని, అందులో సగం పాలు వర్మీ కంపోస్ట్ కలిపితే చాలా మొక్కలకి సరిపోతుంది. ఇసుక బదులు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) వేయొచ్చు, అది ఖరీదనుకుంటే బియ్యం మిల్లు దగ్గర దొరికే ఊక కూడా గాలి సందుల్ని బాగానే ఇస్తుంది. నల్లరేగడి కుండీకి పనికిరాదు. పొలంలో అది బంగారమే గానీ కుండీలో తడిస్తే జిగురు, ఎండితే పగుళ్లు. జబ్బుపడ్డ మొక్క మట్టిలో వర్మీ కంపోస్ట్ కూడా మొదట వేయకపోయినా నష్టం లేదు.

ఎరువు అయితే అసలే వద్దు. మొక్క నీరసంగా ఉంటే ‘బలానికి’ ఏదైనా వేయాలన్న ఆరాటం మనుషుల జబ్బుల నుంచి వచ్చిన అలవాటు. మొక్కకి తిండి ఎరువు కాదు, వెలుతురు. ఎరువు ఉప్పుల రూపంలో ఉంటుంది. మట్టి నీళ్లలో ఉప్పు పెరిగితే వేరు నీళ్లు లాక్కోవడం ఇంకా కష్టమవుతుంది, మరీ ఎక్కువైతే వేరులోని నీళ్లే బయటికి వస్తాయి. ఊరగాయ కోసం ఉప్పులో వేసిన మామిడి ముక్క ఊటనిచ్చినట్టే. కొత్త చిగురు వేసి, అది విచ్చుకున్నాక పలచగా మొదలుపెట్టొచ్చు.

నాటాక ఒకసారి నీళ్లు పోసి, నేరుగా ఎండ తగలని, బాగా వెలుతురున్న చోట పెట్టాలి. వేళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లు ఆకుల నుంచి నీళ్లు పోకుండా చూడటమే వైద్యం. మొక్క మీద పలచటి పాలిథిన్ కవర్ని వదులుగా బోర్లించి, రోజుకోసారి తీసి గాలాడనిస్తే లోపల తేమ నిలుస్తుంది. మెత్తటి కాండం ఉన్న మొక్కలైతే రెండు మూడు వారాల్లో తేరుకుంటాయి. మందపాటి ఆకులవి నెలల సమయం తీసుకుంటాయి. ఈలోగా రోజూ తీసి వేళ్లు చూసుకునే చాదస్తం మాత్రం పనికిరాదు.

ఇక నిజంగానే దాహంతో వాడిన మొక్క. ఇది తేలిక, అయితే ఒక మెలిక ఉంది. ఎముకలా ఎండిన కోకోపీట్ నీళ్లను పట్టదు, తోసేస్తుంది. మట్టి ముద్ద కూడా కుంచించుకుపోయి కుండీ గోడకి దూరం జరుగుతుంది. పైనుంచి పోసిన నీళ్లు ఆ సందులోంచి సర్రున జారి రంధ్రంలోంచి బయటపడతాయి. ప్లేటు నిండింది కాబట్టి మొక్క తాగిందనుకుంటాం. అలాంటప్పుడు కుండీని సగం మునిగేలా బకెట్ నీళ్లలో పెట్టి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. అరగంట చాలు. తర్వాత తీసి పూర్తిగా కారనివ్వాలి. పీస్ లిలీ లాంటిదైతే చూస్తుండగానే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. ఈ మొక్క దాహమేస్తే ఎంత నాటకీయంగా పడిపోతుందో, తాగాక అంత తొందరగా లేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి టీచర్ దొరకదు.

నీళ్ల లెక్క సరిగ్గా ఉన్నా మొక్క నానాటికీ చిక్కిపోతుంటే వెలుతురు చూడాలి. ఇక్కడ మనల్ని మోసం చేసేది మన కళ్లే. కంటిపాప చీకటికీ వెలుగుకీ సర్దుకుపోతుంది కాబట్టి గదిలో తేడాలు మనకి తెలియవు. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. చెట్టు నీడలోనో, వరండాలోనో పది వేల చుట్టూ ఉండొచ్చు. కిటికీ పక్కన వెయ్యి, రెండు వేలు. సోఫా వెనక మూలకి వెళితే వందా రెండు వందలు. మనకి ఆ మూల ‘కొంచెం డిమ్’గా కనిపిస్తుంది, మొక్కకి అది వరండాలో దొరికే అన్నంలో వందో వంతు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. కచ్చితంగా కొలవకపోయినా మూలకీ కిటికీకీ ఉన్న తేడా చూపించడానికి అవి చాలు. కాండం సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, మొక్క మొత్తం కిటికీ వైపు మెడ చాస్తుంటే యాప్ కూడా అక్కర్లేదు. వెలుతురు తగ్గితే నీటి వాడకమూ తగ్గుతుంది. బాల్కనీలో రోజూ తాగిన మొక్కకి గది మూలలోనూ రోజూ పోస్తే మళ్లీ మొదటి కథకే వస్తాం.

మొక్కల్ని పడకగది మూలల్లో పెట్టే అలవాటుకి ఒక కారణం ‘గాలిని శుద్ధి చేసే మొక్కలు’ అన్న ప్రచారం. 1989లో నాసా కోసం జరిగిన ఒక అధ్యయనం దాని మూలం. ఆ ప్రయోగాలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. 2019లో వచ్చిన ఒక సమీక్ష పాత ప్రయోగాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టి, మామూలు ఇంట్లో గాలి మార్పిడితో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చింది. అంటే మంచానికి చోటుండదు. స్నేక్ ప్లాంట్ చీకటి మూలలో చావకుండా ఉండగలదు, నిజమే. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్క ఆకుల రంధ్రాల్ని రాత్రిపూట తెరిచి పగలు మూసుకుంటూ నీళ్లు పొదుపు చేస్తుంది. కానీ చావకుండా ఉండటం, పెరగడం ఒకటి కాదు.

ఆకు పసుపెక్కడాన్ని అందరూ ఒకే జబ్బుగా చూస్తారు. ఏ ఆకు పసుపెక్కిందన్నది అసలు ప్రశ్న. నత్రజని తగ్గితే మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని తీసి కొత్త చిగురుకి పంపుకుంటుంది, అందుకని కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు. అది అందకపోతే కొత్త ఆకులే ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా వస్తాయి. కుండీలో కరివేపాకు ఇలా కనిపిస్తే చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు. బోరు నీళ్లలోని సున్నం వల్ల మట్టి క్షారంగా మారి, ఉన్న ఇనుము కరగకుండా పోతుంది. పుల్లటి మజ్జిగ పోయడం అనే పెద్దల చిట్కాలో ఈ కోణంలో కొంత తర్కం ఉంది, అయితే అది తాత్కాలికమే. తరచూ పోస్తే వాసనా, ఈగలూ మిగులుతాయి. ఆకు కొసలు మాడటం, కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టడం ఉప్పులు పేరుకున్నాయనడానికి గుర్తు. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లను పొదుపు అనుకుని మొక్కలకి పోసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఫిల్టర్ వడకట్టిన ఉప్పంతా ఉండేది ఆ నీళ్లలోనే. వాటితో ఇల్లు తుడుచుకోవచ్చు, కుండీకి మాత్రం వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే అంతకంటే మందు లేదు. అప్పటికే పెచ్చు కట్టిన కుండీలో దాని పరిమాణానికి రెండు మూడు రెట్ల మంచినీళ్లు మెల్లగా పోసి అంతా కిందికి కారిపోనిస్తే ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

పురుగుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఆకు కణుపుల్లో దూది అంటినట్టుంటే పిండినల్లి, ఆకు అడుగున సన్నటి గూడు, మీద ఇసుక చల్లినట్టు మచ్చలుంటే ఎర్రనల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల ద్రవ సబ్బు వేసి, సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టి, వారం తర్వాత మళ్లీ కొట్టాలి. ఎండలో కొడితే నూనెకి ఆకు మాడుతుంది.

తులసిది వేరే కథ. తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా పెంచేదీ, చచ్చిపోతే అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పడేదీ ఈ మొక్క గురించే. నిజానికి తులసి ఇంటి లోపలి మొక్క కాదు. దానికి రోజూ నాలుగైదు గంటలైనా ఎండ కావాలి. అపార్ట్‌మెంట్‌లో తూర్పు వైపు బాల్కనీ లేనివాళ్లు దాన్ని గుమ్మం పక్కన నీడలో పెడతారు. అక్కడ దానికి వెలుతురు తక్కువ, నీళ్లు ఎక్కువ. ఎందుకంటే తులసికి నీళ్లు పోసేది దాహం చూసి కాదు, స్నానం చేశాక. వానాకాలంలోనూ రోజూ చెంబుడు పడుతుంది, ఇంట్లో ఇద్దరు పూజ చేస్తే రెండు చెంబులు. పాలు, పసుపు, కుంకుమ, అక్షింతలు మట్టి మీద పొరలా పేరుకుని గాలి సందుల్ని పూడుస్తాయి. కాండం పక్కనే వెలిగించే దీపం సెగకి ఒక పక్క బెరడు మాడుతుంది. సిమెంటు తులసి కోటకి అడుగున దారి లేకపోతే అది చిన్న బావే. భక్తిని తగ్గించక్కర్లేదు. ఉద్ధరిణెడు నీళ్లు మొదట్లో వదిలి, మిగతా చెంబు పక్కనున్న పూల కుండీకి పోయొచ్చు. దీపాన్ని జానెడు దూరం జరపొచ్చు. కుంకుమ కోట గోడకి పెట్టొచ్చు.

ఇంకోటి, తులసి ఆయుష్షే చిన్నది. కుండీలో సాధారణంగా రెండు మూడేళ్లు. వెన్నులు వేసి, విత్తనం కట్టాక దాని పని అయిపోయినట్టే. కాండం కర్రలా మారి ఆకులు చిన్నవవుతాయి. వెన్నులు కనిపించగానే గిల్లేస్తుంటే కొన్ని నెలలు పొడిగించొచ్చు. అయినా ఏదో ఒకరోజు అది ఎండుతుంది. ఇంటికి ఏదో కీడని దాన్ని తలచుకుని దిగులు పడటం అనవసరం. ఒక వెన్నుని ఎండనిచ్చి, చేతిలో నలిపి కుండీలో చల్లితే పది మొక్కలు మొలుస్తాయి. అమెరికాలో తెలుగువాళ్లకి చలికాలం ముందు ఏటా ఇదే సమస్య. రాత్రి చలి 10 డిగ్రీల కిందికి దిగకముందే తులసిని ఇంట్లోకి తేవాలి, తెచ్చాక హీటర్ పొడిగాలి, వెలుతురు లేని నెలలు. దక్షిణం వైపు కిటికీనో, మొక్కల కోసం అమ్మే లైటో లేకుండా అది వసంతం చూడటం కష్టం. విత్తనాలు పొట్లం కట్టి దాచుకోవడమే నమ్మకమైన దారి.

అసలు మొక్క బతికుందో లేదో తెలియనప్పుడు గోరు చాలు. కొమ్మ చివర గోటితో గీరితే లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి గీరాలి. పచ్చదనం ఎక్కడ కనిపిస్తే అక్కడికి ఒక కణుపు పైన కత్తిరించాలి. మనీ ప్లాంట్‌కి అయితే వేళ్లన్నీ పోయినా పర్వాలేదు, గట్టిగా ఉన్న ఒక్క కణుపు, దానికి ఒక ఆకు ఉంటే సీసా నీళ్లలో రెండు మూడు వారాల్లో వేళ్లు దిగుతాయి. ఆకొక్కటే తుంచి నీళ్లలో పెడితే అది ఎన్నాళ్లు పచ్చగా ఉన్నా మొక్క కాదు, చిగురు పుట్టేది కణుపులోంచే. పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మూరెయా దీవి నుంచి ప్రపంచమంతా పాకిన తీగ ఇది. ముక్కల ద్వారానే ఇంత దూరం వచ్చింది. అరెకా పామ్‌కి ఈ సదుపాయం లేదు. దాని ప్రతి కాండానికీ చిగురు ఒక్కటే, నడిమి మొవ్వు ఆకు లాగితే ఊడి చేతికి వచ్చిందంటే ఆ కాండం ఇక లేనట్టే. పక్క పిలకల్ని కాపాడుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా అన్యాయానికి గురయ్యేది జీజీ (ZZ) ప్లాంట్. తూర్పు ఆఫ్రికా ఎండల్ని తట్టుకోవడానికి అది మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. మరీ ఎండిపోతే ఆకులన్నీ రాల్చేస్తుంది, పైన ఏమీ మిగలదు. చచ్చిందనుకుని కుండీ ఖాళీ చేసేస్తారు. పారేసే ముందు వేలు పెట్టి మట్టి కిందికి తడమాలి. దుంప గట్టిగా తగిలితే కుండీని వెలుతురున్న చోట పెట్టి, మట్టి పూర్తిగా ఆరినప్పుడల్లా గ్లాసుడు నీళ్లు పోస్తూ ఊరుకోవాలి. రెండు నెలలు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. మొదట కనిపించేది ఆకు కాదు, మట్టిని చీల్చుకుని వచ్చే లేత పచ్చ ములుకు.